ప్రభువు బల్ల మీద పసుపు

గిద్దలూరు తాలూకాలో ఒక పల్లె. కొత్తగా కట్టిన ప్రార్థన మందిరం, ఇంకా సున్నం వాసన వదలలేదు. లోపల ఇటుక దిమ్మెల మీద నిలిపిన నాపరాయి బల్ల. దానికి ఇటు ఉపదేశి భార్య, మిషను బడి పంతులమ్మ ఎలీషబా, అటు కూలి పనికి పోయే దానమ్మ. మధ్యాహ్నానికి మిషను దొర వస్తాడు. దొర వస్తున్నాడంటే ఊరి కుక్కలు కూడా మర్యాదగా మొరిగే కాలం అది.

“రుద్దమాక పంతులమ్మా! చెయ్యి తియ్యి ముందు. ఏం పూస్తాండావు దానికి?”

“సున్నం, అక్కా. గోడలకు కొట్టంగా మిగిలింది. తెల్లగా అవుతాదని...”

“సున్నమా! పసుపు మీద సున్నమా!”

“అయ్యో... ఇదేంది? ఇదేంది అక్కా, ఎర్రగా అవుతాంది? ఇందాక పచ్చగానే ఉండె గదా!”

“కాకేమి? పసుపులో సున్నం కలిపితే పారాణి గదా అయ్యేది. పెళ్ళికూతురి కాళ్ళకు పెడతారే, అది. ఎరుపు గాక తెలుపు అవుతాదా?”

“నాకేం తెలుసు! బోర్డింగులో పెరిగినదాన్ని. పసుపంటే పప్పులో వేసేదని తెలుసు నాకు, అంతే. కాళ్ళకు పూసుకుంటే దొరసానమ్మ బెత్తం తీసేది.”

“నీళ్ళు పొయ్యి. ఊఁ, ఇంకా పొయ్యి. రుద్దొద్దంటినా! రుద్దితే లోపలికి పోతాది. గుడ్డతో అద్ది తియ్యి. అట్ల.”

“పోతాందా?”

“సున్నం పోతాంది.”

“మరక?”

“మరక యాడికి పోతాది. ఈ బండకు ఇంకా నూనె పట్టియ్యలే గదా. నూనె పట్టని నాపరాయికి తాగుడు అలవాటు. ఏది పోసినా వద్దనదు. మజ్జిగ పోస్తే మజ్జిగ, పసుపు పోస్తే పసుపు.”

“నూనె పట్టియ్యాలనే గదా దొర అవిసె నూనె డబ్బా పంపిచ్చింది. రొట్టె విరిచేటప్పుడు ద్రాక్షరసం ఒలికినా మరక పడకూడదంట. మొదటి పూత తన చేత్తోనే పూస్తానని కబురు పెట్టినాడు. పిల్లోడి జబ్బులో పడి, మేము దీని మొహం చూసే తీరిక యాడుండె. మా ఆయన గోనెసంచి కప్పి పెట్టినాడు, దుమ్ము పడతాది, ఎవురూ తియ్యొద్దని. పొద్దున ఆయన దొరను తోడుకొచ్చేదానికి రైలుకు పోయినాక, ఊడుద్దామని సంచి తీస్తినా... బండంతా పసుపు మరకే!”

“నూనె మరక మీద వేసిన ఆ ముగ్గుపిండి ముద్ద ఆరిందేమో చూడు. అంచున పట్టి ఒలుచు.”

“ఆరింది. అక్కా! నల్లటి గుండ్రం పోయింది! చూడు, నూనె మొత్తం పిండిలోకి వచ్చేసింది. బోర్డింగులో లాంతరు నూనె ఒలికితే ఇట్లనే వేసేవాళ్ళం. పోయింది!”

“దీపం పెట్టిన మరక గదా, అది పోతాది. పసుపు సంగతి వేరే.”

“దీపమని నీకెట్ల తెలుసు?”

“గుండ్రంగా ఉంటే దీపం గాక ఏంది పంతులమ్మా. ఇంకో ముద్ద కలుపు.”

“ఒక పని చేద్దాం. చింతపండు తెస్తా. ఇత్తడి చెంబుకు ఎంత చిలుమున్నా పోతాది గదా.”

“వద్దు! చింతపండు, నిమ్మకాయ, పులిసిన మజ్జిగ, ఇవేవీ దీని దగ్గరికి రానీయమాక. పులుపు నాపరాయిని తినేస్తాది. ఆ నున్నదనం పోయి తెల్లటి మచ్చ పడతాది. మరకనన్నా తీయొచ్చు, తిన్నదాన్ని ఎట్ల తెస్తావు?”

“అయితే ఉన్నపళంగా నూనె పూసేద్దాం. నూనె పడితే బండ నల్లబడతాది, మరక కనపడదు. తొందరపడి మేమే పూసినామని దొరకు చెప్దాం.”

“పూస్తివా, ఇంక అంతే. మరక లోపల, నూనె పైన, మూత పెట్టినట్టు. మన మనవళ్ళు వచ్చినా తియ్యలేరు. మరక పోవాల, తడి ఆరాల, అప్పుడు నూనె.”

“మరి ఏం చెయ్యమంటావు! వద్దు, వద్దు, వద్దు. అన్నీ వద్దే! చేసేది ఏదో చెప్పు!”

“ఎండకు పసుపు ఎలిసిపోతాది. అయ్యగారు గడ్డం గీసుకునే అద్దం ఉండాది గదా, తెచ్చి వాకిట్లో పెట్టు. ఎండ మళ్ళి దీని మీద పడేట్టు.”

“ఎంతసేపటికి పోతాది?”

“రోజంతా పెడితే... ఓ మాదిరిగా.”

“రోజంతానా! మధ్యాహ్నానికి బండి దిగుతాడక్కా దొర! దిగినోడు దిగినట్టే బల్ల దగ్గరికి వస్తాడు. గుడ్డ కప్పి దాచేది గూడా లేదు, తన చేత్తో నూనె పూస్తానన్నాడే!”

“చిన్నగా, చిన్నగా. బైటికి ఇనపడతాది.”

“ఇనపడనీ. ఎవరు చేసినారో వాళ్ళకు ఇనపడాల. ప్రభువు బల్లను పోలేరమ్మ గద్దె చేసినారు! ఒంటి నిండా పసుపు, మధ్యలో బొట్లు, కింద దీపం. ఎవరక్కా? ఎవరు చేసింటారు?”

“ఎవరైతేనేం. ముందు మరక సంగతి చూడు.”

“ఎవరైతేనేమా! దొర అడిగితే పేరు చెప్పాల. చెప్పకపోతే ఉపదేశి చేతగానోడని మా ఆయన్ను తీసేస్తారు. ఈ ఉద్యోగం పోతే ఇల్లు గూడా మిషనుదే, అదీ పోతాది. పిల్లోడు ఇంకా మంచం దిగలే, పొక్కులు ఎండి రాలతాండాయి. వాణ్ణి ఎత్తుకొని యాడికి పోవాల నేను?”

“దేవదానం బాబుకు ఏం గాదులే. అమ్మవారు దిగిపోయింది గదా.”

“అమ్మవారు అనొద్దక్కా, ఎన్నిసార్లు చెప్పాల. మశూచి.”

“ఆఁ, అదే. నోరు తిరగదు.”

“నోరు తిరగడం కాదు. బాప్తిస్మం తీసుకొని ఇన్నాళ్ళయినా నీ నోట్లో ఇంకా అమ్మవారే ఉండాది.”

“గుడ్డ ఇటియ్యి, పిండుతా.”

“ఏంది, తల వంచుకుంటివి?”

“నీళ్ళు అయిపోయినాయి. బాయికి పోయొస్తా.”

“నీళ్ళు ఉండాయి కడవలో. ఇట్ల చూడు.”

“చూస్తానే ఉండా గదా.”

“నా మొహంలోకి చూడు. నువ్వేనా?”

“ఏంది?”

“నువ్వేనా అక్కా ఇది చేసింది?”

“నేనే అనుకో.”

“అనుకోవడం ఏంది! చేసినావా, లేదా?”

“చేసినా. నేనే. దొరకు అట్లనే చెప్పు, సరిపోతాది.”

“సరిపోతాదా! దానమ్మా! నిన్ను సంఘంలో చేర్చుకోమని మా ఆయనతో పోట్లాడిందే నేను. ఈమెకు పాత అలవాట్లు పోలేదు, ఇంకో ఏడాది ఆగుదామంటే, నేను పూచీ అంటి! ఈ పూట బల్లలో మొదటిసారి రొట్టె తీసుకోవాల్సినదానివి నువ్వు!”

“ఆఁ. చీర గూడా ఉతికి ఆరేసుకున్నా.”

“నీళ్ళు నమిలినట్టు ఎంత మెల్లగా చెప్తాండావు! సంఘం నుంచి తీసేస్తారు నిన్ను, తెలుసా?”

“తెలుసు. కొన్నాళ్ళు బైట పెడతారంట. మళ్ళీ చేర్చుకుంటారంట.”

“అంట ఏంది? ఎవరు చెప్పినారు నీకు?”

“ఎవరో చెప్పినారులే.”

“బల్ల మీద ఈ మరక ఉందని ఊళ్ళో ఎవరికీ తెలీదు. పొద్దున నేను సంచి తీసిందాకా నాకే తెలీదు. నీకు ముందుగానే శిక్ష గూడా చెప్పింది ఎవరు?”

“నువ్వు ఊరికే అడగమాక పంతులమ్మా. ఆ ముద్ద గట్టిపడతాంది, నీళ్ళు చల్లు.”

“లోపలికి ఎట్ల వచ్చినావు?”

“యాడికి?”

“ఇక్కడికే. ఈ బల్ల నిలిపిన రోజు నుంచి మందిరానికి తాళం వేసే ఉండాది. తాళంచెవి మా ఆయన జేబులో ఉంటాది, ఈ పొద్దున నేల ఊడ్చమని నా చేతికి ఇచ్చిందాకా.”

“కిటికీలోంచి దూరినా.”

“ఆ కిటికీకి కమ్ములుండాయి. పిల్లి గూడా దూరదు.”

“అయితే... తలుపు తీసే ఉండె.”

“ఎప్పుడు?”

“ఎప్పుడంటే... బాబుకు జ్వరం మీదికి వచ్చె చూడు, ఆ రోజు తెల్లారుజామున.”

“ఆ రోజు తలుపు తీసింది నిజమే. ఆయనే తీసినాడు. పిల్లోణ్ణి నా ఒళ్ళో పెట్టి, మందిరంలో ప్రార్థన చేసొస్తానని వచ్చినాడు. కూర్చున్నచోటే నాకు కన్ను మూతబడె. అంటే ఆయన ఇక్కడే ఉండాడు.”

“ముద్ద ఆరిపోతాంది పంతులమ్మా.”

“ఆయన ఇక్కడ ఉండంగా నువ్వు పసుపు ఎట్ల పూసినావక్కా?”

“నేను బాయికి పోయొస్తా.”

“కూచో.”

“పంతులమ్మా, నీ కాళ్ళకు మొక్కుతా, ఇది ఇక్కడికి ఒదిలెయ్యి.”

“కూచో అక్కా. కూచోని చెప్పు. ఏం చూసినావు?”

“చెప్పనని మాట ఇచ్చినా.”

“ఎవరికి?”

“ఆ ఒక్కటి అడగమాక.”

“సరే, పేరు చెప్పొద్దు. చూసింది చెప్పు.”

“కోతకు పోతాంటి. లోపల గొంతు ఇనపడె. ఎవరన్నా పడిపోయినారేమోనని కిటికీ దగ్గరికి వస్తి. మోకాళ్ళ మీద ఉండాడు. యేసయ్యా, యేసయ్యా అని పిలిచినాడు. చానాసేపు పిలిచినాడు పంతులమ్మా, అబద్ధం ఎందుకు చెప్పాల. గొంతు పోయింది. ఇంక మాట రాలే. నేలకు తల ఆనిచ్చి అట్లనే ఉండిపోయినాడు.”

“ఆ తర్వాత?”

“లేచి ఇంటి దిక్కు పోయినాడు. మళ్ళా వచ్చినాడు, చేతిలో గిన్నె. పిలిచినాడు మళ్ళా. ఈసారి ఇంకో పేరు.”

“పోలేరమ్మనా?”

“ఆఁ. వాళ్ళమ్మ ఉన్నప్పుడు ఇంట్లో ఎట్ల చేసేదో అట్లనే చేసినాడు. ముందు పసుపు, మీద బొట్లు, కింద దీపం. ఏదీ మర్చిపోలే ఆ చేతులు. తెల్లారి వెలుగు వచ్చినాక చూసుకొని, ఏడుస్తా కడిగినాడు. బండ అప్పటికే తాగేసింది. గోనెసంచి కప్పినాడు. తలుపు తీసుకొని వస్తే ఎదురుగా నేను.”

“తెల్లారి పిల్లోడికి జ్వరం దిగింది.”

“దిగింది.”

“ఆదివారం బడిలో ఆరాధన జరిగేటప్పుడు నేను లేచి నిలబడి సాక్ష్యం చెప్పినా. నా బిడ్డను యేసయ్య బాగుచేసినాడని అందరి ముందర ఏడ్చినా. ఆయన పక్కనే తల వంచుకొని నిలబడె. ఎంత భక్తో అనుకున్నా.”

“యేసయ్యే బాగుచేసినాడేమో. ముందు పిలిచింది ఆయన్నే గదా.”

“నిన్ను ఒప్పుకోమని ఎప్పుడు అడిగినాడు?”

“దొర వస్తాండాడని కబురు వచ్చినాక. కాళ్ళు పట్టుకోబోయినాడు, నేనే వద్దంటి. ఆయన ఒప్పుకుంటే బడి మూతబడతాదంట. ఉపదేశే ఇట్ల చేసినాడని ఊరూరికీ పాకుతాదంట. నేనైతే కొత్తగా చేరినదాన్ని, పాత బుద్ధి పోలేదంటే దొర నమ్ముతాడంట.”

“నమ్ముతాడు. నేనే నమ్మితిని గదా. నిన్ను మళ్ళీ ఎవరు చేర్చుకుంటారక్కా? ఈ దొర ఈ పల్లెకు మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తాడో.”

“రానీలే. ఆగడం నాకు కొత్తేం గాదు.”

“నీకు ఇష్టమేనా? నిజం చెప్పు.”

“ఇష్టమా... ఈ బండ ఎద్దులబండి మీద వస్తాంటే పక్కనే నడిచి వచ్చినా నేను. మొత్తం దోవ దీని మీద చెయ్యి పెట్టుకొనే నడిచినా. దీని మీద రొట్టె పెడతారు, అందరూ చెయ్యి పెట్టిన పళ్ళెంలోనే నేనూ చెయ్యి పెడతా అనుకుంటా. ఇంత వయసొచ్చినాది, నాకు ఎవరూ పళ్ళెం అందియ్యలే పంతులమ్మా. అందరూ పైనుంచి దోసిట్లో పోసినోళ్ళే.”

“ఏడవమాక అక్కా.”

“నేను యాడ ఏడుస్తాండా, ఏడుస్తాండేది నువ్వు. మొహం తుడుచుకో. బండి గంటలు ఇనపడతాండాయి.”

బయట బండి ఆగింది. దొర ఇంకా దిగుతుండగానే ఉపదేశి ప్రభాకరరావు పరుగున లోపలికి వచ్చాడు.

“సంచి ఎవరు తీసినారు? ఏంది ఈ నీళ్ళు? ఎలీషబా! ఎవరు కడగమన్నారు నిన్ను?”

“ఊడుద్దామని తీసినా.”

“ఎర్రగా ఎందుకైంది ఇది?”

“నేనే సున్నం పూసినా. పారాణి సంగతి నాకు తెలీదు. మీకు తెలుసు గదా.”

“ఏంది ఆ మాట?”

“ఏం లేదు. అత్త దగ్గర చూసినవన్నీ మీకు బాగా గుర్తుండాయి గదా అని.”

“దానమ్మా... ఏం చెప్పినావు నువ్వు?”

“దానమ్మక్క మీద అరవొద్దండి. ఆమె చివరిదాకా నేనే చేసినాననే చెప్పింది. మీ తాళంచెవే చెప్పింది మిగతాది.”

“ఎలీషబా, విను. దొర చేతులు కడుక్కుంటాండాడు, వచ్చేస్తాడు. కోపం ఇంటికి పోయినాక చూపిద్దువు. నేను ఎట్ల ఉంటినో నీకు తెలీదు. వాడు కళ్ళు తేలేసినాడు. నేను ముందు యేసయ్యనే పిలిచినా. ఒట్టు, ముందు ఆయన్నే పిలిచినా.”

“తెలుసు. దానికి నేనేమన్నా అన్నానా? ఆ తెల్లారుజామున నాకు మెలకువ ఉంటే, ఆ గిన్నె నేనే పట్టుకొని వచ్చేదాన్నేమో. బిడ్డ ఊపిరి కోసం మీరు ఏ పేరు పెట్టి పిలిచినా నాకు కోపం లేదు.”

“మరి ఎందుకు అట్ల చూస్తాండావు?”

“దానమ్మక్క చీర ఉతికి ఆరేసుకుంది.”

“ఏంది?”

“చీర. ఈ పూట రొట్టె తీసుకునేదానికి. దానికండీ నా కోపం.”

“ఆమె ఒప్పుకుంది ఎలీషబా! నేను బలవంతం చెయ్యలే. అడుగు కావాలంటే. దానమ్మా, చెప్పు. నీ ఇష్టంతోనే గదా?”

“ఇష్టంతోనే అయ్యా.”

“చూసినావా! కొన్నాళ్ళే. నేనే మళ్ళీ దొరకు రాసి చేర్పిస్తా. నువ్వు మాత్రం నోరు తెరవొద్దు. బిడ్డను గుర్తు పెట్టుకో. ఈ ఇల్లు పోతే వాణ్ణి యాడ పడుకోబెడతావు? నోరు తెరవొద్దు, నీకు దండం పెడతా.”

“ప్రభాకరరావు! ఏదీ మన బల్ల? అవిసె నూనె యెక్కడ నున్నది? చూడుము, నేను చొక్కా చేతులు మడుచుకొనియే వచ్చితిని.”

“వందనాలు దొరగారూ. దయచెయ్యండి. ఒక... ఒక సంగతి మనవి చేసుకోవాలి.”

“తరువాత చెప్పుము. మొదట రాయి పొడిగా ఉండవలెను. ఎందుకు తడిపితిరి? ఇదేమి? ఇది రక్తమా?”

“కాదు దొరగారూ. పసుపు. కుంకుమ.”

“పసుపా? ప్రభువు బల్ల మీద ఎవరు పసుపు పెట్టిరి?”

“ఈమే దొరగారూ. దానమ్మ అని, కొత్తగా చేరింది. ఊళ్ళో మశూచి వచ్చినప్పుడు భయపడి, తెలియక...”

“అమ్మా, ఇటు రమ్ము. భయపడకుము. ఇతడు చెప్పినది నిజమేనా?”

“నిజమే దొరా, నేనే...”

“అక్క కాదు దొరగారూ. ఆ పసుపు మా ఇంటిదే.”